బి.పి.కి కిడ్నీ నరం కాల్చే వైద్యం – మనకు ఎంతవరకు?

(గుడియాత్తంలో నూలు మిల్లు, మగ్గం కార్మికుల ఆరోగ్య సభలో ఆరోగ్య కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య మన షెడ్లలోనూ, టీ అంగళ్ళ దగ్గరా ఒక మాట తిరుగుతూ వుంది. "బి.పి.కి ఇక మాత్రలు అక్కరలేదట, తొడ దగ్గర సన్నటి గొట్టం పెట్టి కిడ్నీ నరం కాల్చేస్తే జన్మకు సరిపోతుందట" అని. షుగరు వల్ల కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళ ఇళ్ళలో ఈ మాటకు మరింత బలం వుంది. "మగ్గం అమ్మి అయినా చేయించుకుంటే పోలా?" అని అడిగేవాళ్ళు కూడా వున్నారు. అడగడంలో తప్పు లేదు. రోజూ నాలుగైదు మాత్రలు మింగే మనిషికి, ఒక్కసారితో అయిపోతుందంటే ఆశ పుట్టడం సహజం. అందుకే ఈ వైద్యం నిజమా, గాలి కబురా, నిజమైతే మనలాంటి వాళ్ళకు ఎంతవరకు పనికొస్తుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకుందామని ఈ సభ పెట్టుకున్నాం.

ముందుగా కిడ్నీ చేసే పని చూద్దాం. ఒక్కొక్క కిడ్నీలో సుమారు పది లక్షల జల్లెడలు వుంటాయి. కంటికి కనపడనంత చిన్నవి. గుండె కొట్టే రక్తంలో ఐదో వంతు ఈ రెండు కిడ్నీలకే పోతుంది. రోజుకు 180 లీటర్ల నీరు ఆ జల్లెడల గుండా దిగుతుంది. అందులో లీటరున్నరో, రెండు లీటర్లో మూత్రంగా బయటికి పంపి, మిగిలినదంతా కిడ్నీలు తిరిగి ఒంట్లోకి తీసుకుంటాయి. మూడు షిఫ్టులూ ఆగకుండా నడిచే మిల్లు ఇది. దీనికి వారపు సెలవు కూడా లేదు.

షుగరు ఎక్కువగా వున్న రక్తం ఏళ్ళ తరబడి ఈ జల్లెడల మీద నడిస్తే అవి మందమవుతాయి, కన్నాలు పడతాయి. ఒంట్లో వుండవలసిన ఆల్బుమిన్ అనే ప్రోటీను మూత్రంలోకి కారిపోతుంది. దెబ్బతిన్న కిడ్నీ ఉప్పును బయటికి పంపలేదు. ఉప్పు నిలిస్తే నీరు నిలుస్తుంది, బి.పి. పెరుగుతుంది. పెరిగిన బి.పి. మిగిలిన జల్లెడల మీద పడి వాటినీ చింపుతుంది. ఇది ఎలా వుంటుందో రింగ్ ఫ్రేము మీద పనిచేసేవాళ్ళకు వేరే చెప్పనవసరం లేదు. నూలు బలహీనంగా వున్నప్పుడు స్పీడు పెంచితే తెగుళ్ళు ఎక్కువవుతాయి. తెగుళ్ళు ఎక్కువైనకొద్దీ ఉత్పత్తి పడిపోతుంది. ఉత్పత్తి పడిపోయిందని మళ్ళీ స్పీడు పెంచితే ఏమవుతుంది? షుగరు, బి.పి. కలిసి కిడ్నీని చేసేది అదే.

ఇక నరం సంగతి. మనం వాడుకలో రక్తనాళాన్ని కూడా నరం అంటాం. ఇక్కడ కాల్చేది రక్తనాళాన్ని కాదు. కిడ్నీకి రక్తం తెచ్చే పెద్ద నాళం చుట్టూ, కరెంటు వైర్లలా అల్లుకొని వుండే సన్నని నరాలు వున్నాయి. కొన్ని మెదడు నుండి కిడ్నీకి హుకుం తెస్తాయి: ఉప్పు పట్టి వుంచు, రెనిన్ అనే రసాయనం వదులు, నాళాలు బిగించు అని. కొన్ని కిడ్నీ నుండి మెదడుకు ఫిర్యాదు తీసుకుపోతాయి. కిడ్నీ దెబ్బతిన్నప్పుడు ఈ ఫిర్యాదులు ఎక్కువవుతాయి. దానికి జవాబుగా మెదడు ఒళ్ళంతటా నాళాలను బిగిస్తుంది. షుగరు వున్నవాళ్ళలో, లావుపాటి వాళ్ళలో, నిద్రలో ఊపిరి ఆగి ఆగి గురక పెట్టేవాళ్ళలో ఈ నరాల దూకుడు మామూలుకంటే ఎక్కువ. కాబట్టి ఆ వైర్లను తెంచితే బి.పి. తగ్గాలి కదా అన్నది డాక్టర్ల ఆలోచన.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. ఫ్రాన్సు శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ 1859లోనే జంతువుల్లో ఈ నరాన్ని కోస్తే మూత్రం ఎక్కువగా వస్తుందని చూశాడు. 1930, 40 దశకాల్లో అమెరికాలో స్మిత్‌విక్ వంటి సర్జన్లు, బి.పి. ప్రాణం మీదికి వచ్చిన రోగులకు వెన్నెముక పక్కన నరాలను కోసి తీసేవారు. కొందరు బతికి బయటపడ్డారు. కానీ అది పెద్ద ఆపరేషను. లేచి నిలబడితే కళ్ళు తిరిగి పడిపోవడం వంటి బాధలు మిగిలేవి. ఆ రోజుల్లో వేరే దారి లేదు కాబట్టి చేశారు.

వేరే దారి చూపిన వారిలో మన దేశం వాడు ఒకరున్నారు. బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 1949లో, మన నాటు వైద్యులు ఎరిగిన సర్పగంధి వేరు బి.పి.ని తగ్గిస్తుందని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశారు. ఆ వేరులోని మందు కూడా ఈ నరాల దూకుడునే తగ్గిస్తుంది. తర్వాత 1950 దశకం చివరినాటికి మూత్రం జారీ చేసే మాత్రలు వచ్చాయి. కత్తి మూలకు పోయింది, మాత్ర ముందుకు వచ్చింది.

మళ్ళీ 2009లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నుండి హెన్రీ క్రమ్ బృందం కొత్త పద్ధతి ప్రకటించింది. కడుపు కోయరు. తొడ మొదట్లో వున్న రక్తనాళంలో సూది గుచ్చి, సన్నటి గొట్టాన్ని కిడ్నీ నాళం దాకా పంపుతారు. గొట్టం కొన నుండి వేడి పుట్టించి, నాళం గోడ బయట వున్న నరాలను కాలుస్తారు. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి రేడియో తరంగాలతో, రెండోది అల్ట్రాసౌండుతో. సుమారు ఒక గంట పని. నొప్పి తెలియకుండా మందు ఇస్తారు. నాళం కనపడడానికి రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే కింద చూస్తూ చేస్తారు. బి.పి. ఆ రోజే తగ్గదు, వారాలు, నెలలు పడుతుంది.

మొదటి ఫలితాలు చూసి లోకం ముక్కున వేలేసుకుంది. 2010లో వచ్చిన రెండో పరిశీలనలో బి.పి. పై అంకె 32 పాయింట్లు తగ్గిందన్నారు. యూరపులో వేలమందికి చేశారు. అప్పుడు అమెరికాలో ఒక గట్టి పరీక్ష పెట్టారు. 535 మందిని తీసుకొని, చీట్లు వేసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు నిజంగా నరం కాల్చారు. రెండో జట్టును కూడా అదే బల్ల మీద పడుకోబెట్టి, రంగు మందు ఎక్కించి ఫోటో తీశారు గానీ నరం జోలికి పోలేదు. ఎవరికి ఏది చేశారో రోగికి చెప్పలేదు. ఆరు నెలల తర్వాత చూస్తే నరం కాల్చినవాళ్ళకు సుమారు 14 పాయింట్లు తగ్గింది. ఏమీ చేయనివాళ్ళకు సుమారు 12 పాయింట్లు తగ్గింది! 2014లో ఈ ఫలితం బయటపడగానే కంపెనీల ఉత్సాహం నీరు కారిపోయింది.

మిత్రులారా, ఆ 12 పాయింట్ల దగ్గర మనం ఒక్క నిమిషం ఆగాలి. ఏ చికిత్సా జరగనివాళ్ళకు బి.పి. ఎందుకు తగ్గింది? పేరు నమోదైన తర్వాత మనిషి మాత్రలు సరిగా వేసుకుంటాడు. డాక్టరు పిలిచి చూస్తాడు, నర్సు అడుగుతుంది. తనకు మంచి జరుగుతుందన్న నమ్మకం వుంటుంది. మొదట బి.పి. ఎక్కువగా పలికిన రోజున చేర్చుకుంటారు కాబట్టి తర్వాత అంకె కొంత దానంతట అదే దిగుతుంది. ఇందులో ఏది ఎంత అన్న లెక్క పక్కన పెట్టండి. పట్టించుకొనే మనిషి, క్రమం తప్పని మాత్ర అన్నవి కూడా వైద్యమేనని మాత్రం తేలుతుంది. లక్షలు పెట్టకుండా మనకు దొరకవలసిన వైద్యం అది.

అంతటితో కథ ముగియలేదు. గొట్టాన్ని మెరుగుపరిచారు, నాళం కొమ్మల్లో కూడా కాల్చడం నేర్చుకున్నారు. మళ్ళీ ఉత్తుత్తి జట్టుతో పోల్చి పరీక్షించారు. 2020లో, 2023లో వచ్చిన ఫలితాల్లో ఈసారి తేడా నిలబడింది. పెద్ద తేడా కాదు. ఏమీ చేయని జట్టుకంటే, ఒంటికి కట్టిన యంత్రంతో తీసిన బి.పి.లో 4 నుండి 6 పాయింట్లు ఎక్కువ తగ్గింది. చిన్నదని తీసిపారేయకూడదు. బి.పి. పై అంకె 5 పాయింట్లు తగ్గితే గుండెపోటు, పక్షవాతం వంటి ప్రమాదాలు పదో వంతు తగ్గుతాయని మందుల మీద జరిగిన పరిశీలనలు చెబుతున్నాయి. 2023 నవంబరులో అమెరికా ప్రభుత్వం రెండు రకాల యంత్రాలకూ అనుమతి ఇచ్చింది. యూరపు డాక్టర్ల సంఘాలు 2023లో, 2024లో తమ మార్గదర్శకాల్లో దీనికి చోటిచ్చాయి. కాబట్టి మొదటి రెండు ప్రశ్నలకు జవాబు: ఈ వైద్యం నిజమే. గాలి కబురు కాదు. కానీ "ఇక మాత్రలు అక్కరలేదు" అన్నది మాత్రం గాలి కబురే. చేయించుకున్నవాళ్ళలో ఎక్కువమంది మాత్రలు వాడుతూనే వున్నారు.

ఇప్పుడు మూడో ప్రశ్న. షుగరుతో కిడ్నీ దెబ్బతిన్న మన కార్మికుడికి ఇది పనికొస్తుందా?

ఇక్కడ జాగ్రత్తగా వినాలి. కిడ్నీ ఎంత పనిచేస్తుందో చెప్పే లెక్క ఒకటుంది. రక్తంలో క్రియాటినిన్ చూసి, వయసు కలిపి లెక్క కడతారు. ఆరోగ్యవంతుడికి 90కి పైన వుంటుంది. 15 కంటే దిగితే డయాలిసిస్ మాట వస్తుంది. ఇందాక చెప్పిన పెద్ద పరీక్షల్లో ఈ అంకె 40, 45 కంటే తక్కువ వున్నవాళ్ళను చేర్చుకోలేదు. అంటే కిడ్నీ బాగా దెబ్బతిన్న మనిషి మీద గట్టి సాక్ష్యం లేదు. యూరపు మార్గదర్శకాలు కూడా 40 కంటే తక్కువ వున్నవాళ్ళకు దీన్ని సిఫారసు చేయలేదు. చాలా దేశాల రోగుల లెక్కలు నమోదు చేసిన ఒక పెద్ద రిజిస్టరులో షుగరు రోగులూ, కిడ్నీ రోగులూ వున్నారు. వాళ్ళకూ బి.పి. తగ్గింది. కానీ ఆ రిజిస్టరులో పోల్చి చూడడానికి రెండో జట్టు లేదు. రెండో జట్టు లేకపోతే ఏమవుతుందో 2014లో చూశాం కదా.

ఇంకా రెండు సంగతులు. రంగు మందు దెబ్బతిన్న కిడ్నీని మరింత నొప్పించవచ్చు. ఏళ్ళ తరబడి షుగరు వున్నవాళ్ళకు నరాలు ముందే చెడి, లేచి నిలబడితే బి.పి. పడిపోయే గుణం వుంటుంది. అటువంటి వారి విషయంలో మరింత ఆలోచించాలి. అన్నిటికంటే ముఖ్యం, ఈ చికిత్స బి.పి. తగ్గిస్తుందని తేలింది గానీ, షుగరు కిడ్నీ చెడిపోవడాన్ని ఆపుతుందని ఇంతవరకు రుజువు కాలేదు.

మరి ఆపుతుందని రుజువైనవి ఏమిటి? అవి మన మాత్రల పెట్టెలోనే వున్నాయి. లోసార్టాన్ అనే మాత్ర షుగరు కిడ్నీ రోగుల్లో డయాలిసిస్ దాకా పోవడాన్ని నాలుగో వంతుకు పైగా తగ్గించిందని 2001లోనే 1,500 మందికి పైగా రోగుల మీద తేలింది. అది నరం హుకుం మీద కిడ్నీ వదిలే రెనిన్ దారినే అడ్డగిస్తుంది. అంటే నరం కాల్చకుండానే సగం పని చేస్తుంది. 2019, 2020 సంవత్సరాల్లో కనాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ అనే మందులు కిడ్నీని కాపాడతాయని వేలమంది మీద రుజువైంది. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు మన దేశంలో 2020లోనూ, అదే జాతి ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2025 మార్చిలోనూ తీరిపోయాయి. ఎన్నో కంపెనీలు తయారుచేస్తున్నాయి, ధర దిగింది. ఈ మాత్రలు అందరికీ సరిపడవు. పొటాషియం చూడాలి, క్రియాటినిన్ చూడాలి, గర్భిణులు లోసార్టాన్ వాడకూడదు. పక్కింటి వాళ్ళ చీటీ చూసి కొనుక్కోవద్దు. కానీ "నాకు ఇది పనికొస్తుందా?" అని డాక్టరును అడిగే హక్కు మీకుంది.

మన వేలూరు సంగతి వేరే చెప్పాలా? 1971లో మన దేశంలో బతికున్న మనిషి ఇచ్చిన కిడ్నీని మొదటిసారి విజయవంతంగా మార్చింది ఇక్కడి సి.ఎం.సి. ఆసుపత్రిలోనే. చిత్తూరు, కడప, అనంతపురం నుండి మన తెలుగువాళ్ళు రైళ్ళలో, బస్సుల్లో వేలూరికి వస్తూనే వున్నారు. అంత పేరున్న చోట వుండి కూడా మన వాళ్ళు కాళ్ళు వాచిన తర్వాతే డాక్టరు గడప తొక్కుతున్నారు. కిడ్నీ మూడు వంతులు పోయేదాకా నొప్పి వుండదు, మూత్రం ఆగదు. ముందుగా పట్టి ఇచ్చేది ఒక్క మూత్ర పరీక్ష. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాములకు మించి ఆల్బుమిన్ వుంటే కిడ్నీ మొర పెట్టుకుంటున్నట్టే. షుగరు వున్న ప్రతివారూ ఏడాదికి ఒకసారి ఈ పరీక్ష, దానితో పాటు క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి. 2023లో ప్రకటించిన వైద్య పరిశోధనా మండలి సర్వే ప్రకారం మన దేశంలో షుగరు వున్నవారు 10 కోట్లకు పైనే. ఇది ఒకరిద్దరి తలరాత కాదు.

ఇక మన పనిచోటు సంగతి మాట్లాడుకుందాం. మాత్ర ఎందుకు మానేస్తున్నారని అడిగితే వచ్చే జవాబులు మనందరికీ తెలుసు.

ఒకటి: "రాత్రి షిఫ్టు, వేళ తప్పింది, అందుకని మానేశాను." బి.పి. మాత్ర ఉదయం వేసుకున్నా రాత్రి వేసుకున్నా ఫలితం ఒకటేనని 2022లో బ్రిటన్‌లో 21 వేల మంది మీద తేలింది. షిఫ్టు మారితే మాత్ర మానవద్దు. నిద్ర లేచిన వేళను గుర్తు పెట్టుకొని వేసుకోండి. షుగరు మాత్రల వేళ మాత్రం భోజనాన్ని బట్టి వుంటుంది, డాక్టరుకు మీ షిఫ్టు చెప్పి రాయించుకోండి.

రెండు: "నీరు పోయే మాత్ర వేసుకుంటే మాటిమాటికీ పోవాలి, ఫ్రేము వదిలి పోనివ్వరు." ముఖ్యంగా మన అక్కచెల్లెళ్ళు ఈ భయంతో నీళ్ళు కూడా తాగడం లేదు. ఇది వైద్య సమస్య కాదు, పని పరిస్థితుల సమస్య. ఆ మాత్ర లేకుండా బి.పి. దిగడం చాలామందిలో కష్టం. మూత్రానికి పోవడానికి రిలీవరు ఇవ్వమని అడగడం, పనిచోట తాగే నీరు, శుభ్రమైన మరుగుదొడ్డి అడగడం కిడ్నీని కాపాడుకోవడమే.

మూడు: "ఒళ్ళు నొప్పులు." నిలబడి నిలబడి కాళ్ళు లాగితే అంగడిలో నొప్పి బిళ్ళ కొనుక్కొని రోజూ మింగుతున్నారు. డైక్లోఫెనాక్, బ్రూఫెన్ వంటివి బి.పి.ని పెంచుతాయి, కిడ్నీని కొడతాయి. చాలామందికి మూడు మాత్రలకూ లొంగని బి.పి. వెనుక వున్న దొంగ ఇదే.

నాలుగు: ఉప్పు. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సద్ది అన్నంలో ఊరగాయ, ఎండుచేప, అప్పడం కలిస్తే ఆ లెక్క పొద్దునకే దాటిపోతుంది. గంగమ్మ సిరసు పండుగ నాడు తినవద్దని మేము అనడం లేదు. ఏడాదంతా పండుగ చేయవద్దంటున్నాం.

అందుకని, ఎవరైనా మీకు నరం కాల్చే వైద్యం చేయించుకోమని చెబితే ఈ ప్రశ్నలు అడగండి. నా కిడ్నీ అంకె 40 పైన వుందా? నీరు పోయే మాత్రతో కలిపి మూడు రకాల మాత్రలు సరైన మోతాదులో క్రమంగా వాడిన తర్వాత కూడా బి.పి. దిగలేదా? ఆసుపత్రిలోనే కాక, ఇంట్లో కూడా కొలిచి చూశారా? గురక జబ్బు, కిడ్నీ నాళం సన్నబడడం వంటి కారణాలు వెదికారా? తర్వాత ఎన్ని మాత్రలు మిగులుతాయి? మొత్తం ఖర్చు ఎంత? వీటికి కాగితం మీద జవాబు దొరికి, కిడ్నీ డాక్టరు, గుండె డాక్టరు ఇద్దరూ కలిసి సరే అంటే అప్పుడు ఆలోచించండి. అటువంటి రోగులు వున్నారు, వాళ్ళకు ఇది మేలు చేయవచ్చు. కానీ ఆ వైద్యానికి అప్పు చేయకండి, మగ్గం అమ్మకండి.

అప్పు సంగతి ఊరికే అనడం లేదు. 2025లో నామక్కల్ జిల్లా పళ్ళిపాళ్యంలో అప్పులపాలైన మరమగ్గం కార్మికుల దగ్గర దళారులు కిడ్నీలు కొన్న వ్యవహారం బయటపడింది. ఒక కార్మికుడి కిడ్నీ షుగరుతో పోతుంది, ఇంకొక కార్మికుడి కిడ్నీ అప్పుతో పోతుంది. రెంటికీ మందు ముందుచూపే.

చేతిలో వున్న హక్కులను వాడుకుందాం. ఈ.ఎస్.ఐ.లో మన జీతం నుండి వాటా కోస్తున్నారు. 2019 జూలైలో కార్మికుడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం అని నిర్ణయించారు. మామూలు జబ్బుకు ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇస్తారని అందరికీ తెలుసు. కానీ దీర్ఘ వ్యాధుల జాబితా ఒకటుంది, 34 జబ్బులతో. షుగరు వల్ల వచ్చిన కిడ్నీ జబ్బు ఆ జాబితాలో వుంది. అర్హత వున్నవారికి జీతంలో 80 శాతం చొప్పున రెండేళ్ళ దాకా ఇచ్చే ఏర్పాటు అది. ఎంతమంది అడిగారు? ఈ.ఎస్.ఐ. కార్డు లేని మగ్గం కార్మికులకు గుడియాత్తం ప్రభుత్వాసుపత్రి వుంది, అడుక్కంపారైలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వుంది. బి.పి., షుగరు మాత్రలు ఇంటికే తెచ్చి ఇచ్చే పథకాన్ని తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టులో కృష్ణగిరి జిల్లాలో మొదలుపెట్టింది. మీ వీధిలో ఆ చిట్టాలో మీ పేరు వుందో లేదో చూసుకోండి. మాత్రలు రాని నెల వుంటే కమిటీకి చెప్పండి, అందరం కలిసి పోయి అడుగుదాం.

చివరగా ఒక పని. వచ్చే నెల నుండి ప్రతి షెడ్డులో ఇద్దరేసి బి.పి. చూడడం నేర్చుకోవాలి. ఒక మిషను కొనడానికి తలా కొంచెం వేసుకుంటే చాలు. ఒక నోటు పుస్తకంలో పేరు, అంకె, మాత్ర వేసుకున్నదీ లేనిదీ రాద్దాం. 130కి 80 లోపు మన గురి. పైకి పోయినవాళ్ళను తోటివాళ్ళే తోడు తీసుకొని డాక్టరు దగ్గరికి పోవాలి. అమెరికా పరీక్షలో నరం కాల్చని జట్టుకు కూడా 12 పాయింట్లు తగ్గాయని చెప్పుకున్నాం. పట్టించుకొనే తోటి మనిషి వుంటే ఎంతో కొంత మన షెడ్డులోనూ తగ్గదా?

మాత్ర మానవద్దు. మూత్ర పరీక్ష మరవద్దు. ఎవరో చెప్పారని మగ్గం అమ్మవద్దు. ఒంటరిగా డాక్టరు దగ్గరికి పోవద్దు, తోడు తీసుకొని, అడిగి తెలుసుకొని రండి.